పెట్టెకు పురుడు

శుద్ధ విదియ

పట్నం ఆసుపత్రి నుంచి జుబేదా సిస్టర్ ఫోన్లో చెప్పింది, "పెట్టె ఎట్లా పనిచేస్తోందో రోజూ రాసిపెట్టండి కుళ్ళాయమ్మగారూ. వేడి ఎప్పుడు తగ్గింది, ఎప్పుడు పెరిగింది. అంతే చాలు" అని. అంతే రాయడం నాకు చేతకాదు. దారినపోయే లారీలవాళ్ళందరికీ సంగటి కెలికి పెట్టే సత్రం నాది. నోరు కట్టుకుని బతికిన రోజు ఒక్కటీ లేదు. రాయమన్నాక రాస్తాను, చదివేవాళ్ళ ఖర్మ.

ముందు పెట్టె సంగతి. నా కూతురు వన్నూరమ్మ పురిటికి వచ్చింది. నెలలు నిండకుండానే నొప్పులు మొదలయ్యాయి, అదీ పట్టపగలు. పైన ఎండలోకి వెళ్ళిన మనిషి వెనక్కి వస్తాడన్న నమ్మకం లేదు. ఇక నొప్పులు పడుతున్న పిల్లను పట్నానికి ఎక్కడ తీసుకెళ్తాం? నేల కింద, ఈ సత్రంలోనే, నా చేతుల మీదే కన్నది. ఆడపిల్ల. నా అరచెయ్యీ మణికట్టూ కలిపితే ఎంతో అంత. అంత పిల్ల లారీ కుదుపులకు ఆగదని, చీకటి పడ్డాక లారీ దస్తగిరే ఆసుపత్రి నుంచి ఈ గాజుపెట్టె మోసుకొచ్చాడు. తల్లి కడుపులో ఉన్నంత వెచ్చగా ఉంచుతుందట. పిల్ల గుండె ఎట్లా కొట్టుకుంటోందో మా నెట్ మీద పట్నానికి చెబుతుంది. అక్కడ సిస్టర్ చూసి వేడి పెంచుతుంది, తగ్గిస్తుంది. పిల్ల తనంతట తాను ఒంట్లో వేడి నిలుపుకునేదాకా ఆ పెట్టే దానికి తల్లి.

లోకమంతా చల్లదనం కోసం ఏడుస్తుంటే నా మనవరాలికి వెచ్చదనం కావాలట. మా వంశం కదా, పదిమందిలాగా ఎందుకుంటుంది?

పెట్టెను మా పద్ధతిలోనే సత్రంలోకి తీసుకున్నాను. కుంకుమబొట్టు పెట్టి, "వచ్చినోళ్ళు అడిగింది కాదనొద్దు" అని మూడుసార్లు చెప్పి, మా నెట్లో కలిపాను. ఇది సత్రం మాట. మా అవ్వ ఓబులవ్వ ఈ సత్రం తవ్వించిన నాటి నుంచి ఫ్యాన్లకూ, చలువ యంత్రానికీ, నీళ్ళ యంత్రానికీ అన్నింటికీ ఇదే మాట. నెట్లో కలిసిన యంత్రం ఏదైనా సరే, వచ్చినవాళ్ళు ఏమడిగితే అది చెయ్యాలి. అడిగిన మాట వాటికి చేరేది నెట్లో కలిసిన ఫోన్లలోంచే. అవ్వ ఆ మాటను రూటరులోనే పెట్టించింది. నేను నోటితో చెప్పేది శాస్త్రానికి. యంత్రాలకు చెప్పేది రూటరు.

బొట్టు పెడితే ఆ గాజుపెట్టె కూడా ఇంటిదాన్లాగే కనిపించింది. నాకు ధైర్యం వచ్చింది.

శుద్ధ చవితి

నెలవంక కాస్త లావెక్కింది, లారీలూ పెరిగాయి. పగలు రోడ్డెక్కితే టైర్లే కరిగిపోతాయి కాబట్టి బండ్లన్నీ రాత్రే నడవాలి. వెన్నెల ఉంటే లైట్ల కరెంటు మిగులుతుంది. అందుకని అమావాస్యకు మా సత్రం బోసిపోతుంది, పున్నమికి కాలు పెట్టే సందుండదు. తెల్లవారేలోగా అందరూ ఏదో ఒక సత్రంలో దిగిపోయి పగలంతా నేల కింద పడుకుంటారు. మాకు పగలే రాత్రి.

ఈ పొద్దున దిగినవాళ్ళు ఫోన్లు, లారీలు నెట్లో కలుపుకున్నారు. ఇంటికి మాట్లాడేవాళ్ళు మాట్లాడారు, దుమ్ముగాలి కబుర్లు చూసేవాళ్ళు చూశారు. సంగటి తిని పడుకున్నారు. నేను చెయ్యి కడుక్కుంటుండగా పెట్టె కూతపెట్టింది. పరిగెత్తి చూస్తే లోపల వేడి తగ్గిపోయి ఉంది. పిల్ల అరికాళ్ళు నీలంగా తిరిగాయి. పట్నంలో సిస్టర్ కూడా చూసినట్టుంది, వెంటనే పెంచింది. కాసేపటికి కాళ్ళు ఎర్రబడ్డాయి.

"యంత్రమన్నాక ఎప్పుడో ఒకసారి అట్లయితాది లే" అన్నాను నేను ఫోన్లో.

సిస్టర్ వేడి లెక్కలు నాచేత మళ్ళీ చదివించుకుంది. అదే నాకు నచ్చలేదు.

శుద్ధ షష్ఠి

నిన్నా మొన్నా అదే తంతు. ఈ రోజు మరీ ఘోరం. జనం పెరిగేకొద్దీ పెట్టె కూతలూ పెరుగుతున్నాయి. సిస్టర్ పెంచుతుంది, ఏదో దయ్యం వచ్చి తగ్గిస్తుంది, మళ్ళీ పెంచుతుంది. పిల్ల బరువు పెరగకపోగా తగ్గింది. వన్నూరమ్మ పురిటిగదిలో మంచం మీద నుంచి లేవలేదు, పెట్టె కూసినప్పుడల్లా గోడ అవతల నుంచి "మా, ఏమయిందిమా?" అని ఒకటే అరుపు.

సిస్టర్ గొంతులో ఈసారి మర్యాద తగ్గింది. "మీ నెట్లో ఎవరెవరున్నారు?"

"అందరూ ఉన్నారు. సత్రం కదా."

"ఎవరో తెలియనివాళ్ళ ఫోన్లు, లారీలు, ఆ పెట్టె, అన్నీ ఒకే లైనులోనా? వచ్చినవాళ్ళకు వేరే లైను పెట్టండి. రూటరు వెనక బటన్ ఉంటుంది, నొక్కితే రెండో లైను పుడుతుంది. ఇంకో వారం ఇట్లాగే వేడి పడిపోతూ ఉంటే ఆ బిడ్డ గుండె తట్టుకోదు."

ఆ బటన్ నాకు తెలుసు. ఈ సత్రంలో పుట్టిన ప్రతి పిల్లకూ తెలుసు. దాని మీద మా అవ్వ ఎర్రటి లక్క పోసి మూసేసింది.

అవ్వ చిన్నప్పుడు ఊళ్ళో టీకొట్టు ముందు రెండు రకాల గ్లాసులుండేవట. మావాళ్ళకు వేరే గ్లాసు. తాగి, కడిగి, గోడ మీద బోర్లించి పోవాలి. ఎండలు ముదిరి జనం నేల కిందికి దిగుతున్న రోజుల్లో అవ్వ అప్పులు చేసి ఈ సత్రం తవ్వించింది. రూటరు బిగించినవాడు "అతిథులకు వేరే లైను, మీకు వేరే లైను పెడతా" అన్నాడట. అవ్వ పొయ్యి మీద లక్క కరిగించుకొచ్చి వాడి ముందరే బటన్ మూసేసి, "నా సత్రంలో రెండు గ్లాసులుండవు" అందట. పోయేముందు నాకు తాళాలిస్తూ చెప్పింది కూడా ఆ ఒక్క మాటే.

ఇప్పుడు ఆ లక్క పగలగొడితే అవ్వ మాట పోతుంది. పగలగొట్టకపోతే పిల్ల పోతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. పున్నమి వచ్చేస్తోంది.

శుద్ధ సప్తమి

లక్క జోలికి పోకుండా ఒక ఉపాయం చేశాను. పొద్దున దిగినవాళ్ళందరినీ హాల్లో కూర్చోబెట్టి చెప్పాను, "ఈ పూటకు మీ ఫోన్లు, లారీలు నెట్లో కలపొద్దప్పా. పెట్టెకు ఇబ్బందిగా ఉండాది."

గొణిగినవాళ్ళు గొణిగారు కానీ పిల్ల మాట వినగానే సరేనన్నారు. దస్తగిరి మాత్రం గోడకానుకుని నన్నే చూస్తున్నాడు. ఆ పెట్టె తెచ్చింది అతనే. వచ్చిన ప్రతిసారీ బుడ్డది ఎట్లుంది అని అడగనిదే నీళ్ళు ముట్టడు.

"మీ ఇంటోళ్ళ ఫోన్లుక్కా?" అన్నాడు.

"మావి ఉంటాయి. పిల్లను చూసుకోవల్ల గదా."

"అంటే మావాటికే మైల."

"అట్లనేది కాదు దస్తగిరీ."

"మా తాత మొట్టమొదట లోపల కూసోని అన్నం తినింది మీ అవ్వ సత్రంలోనేనక్కా. సచ్చేదాకా చెప్పుకున్న్యాడు. అట్లాంటి సత్రంలో నువ్వు నన్ను గడప అవతల నిలబెడ్తాండావు."

"పిల్ల కోసమప్పా!"

"పిల్ల బతకల్లనే పెట్టె మోసుకొచ్చినా. నీ మాట కాదన్ను. ఫోన్ కలపను. కానీ గడప అవతలోన్ని గడప అవతలే ఉంటా." తువ్వాలు దులుపుకుని పైకి ర్యాంపులో ఉన్న లారీ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ర్యాంపు సగం నీడ, సగం పెనం. పగలంతా అక్కడ ఎవరూ ఉండరు. మా ఆయన తిప్పేస్వామి నా మీద కళ్ళెర్రజేసి, తడిగుడ్డలూ మజ్జిగ ముంతా తీసుకుని బయల్దేరాడు. "యాడికయ్యా?" అంటే, "వాడు ఆడ మాడుతాంటే నాకు లోపల నిద్రెట్ల వస్తాదే? నేనూ ఆడే ఉంటా" అన్నాడు. పొద్దుగూకేదాకా లారీ కింద ఇద్దరూ తడిగుడ్డలు కప్పుకుని పడుకున్నారు. చీకటి పడగానే దస్తగిరి నాతో చెప్పకుండానే వెళ్ళిపోయాడు. మజ్జిగ ముంత సగంలోనే ఉంది.

ఆ పగలంతా పెట్టె ఒక్క కూత పెట్టలేదు.

మందు పనిచేసింది, చుట్టం పోయాడు. పిల్ల ఒంటి రంగు చూసి నవ్వాలో, ఖాళీ ర్యాంపు చూసి ఏడవాలో తెలీలేదు. నవ్వి, ఏడ్చి, రెండూ చేశాను. సిస్టర్ చెప్పిందే నిజమని తేలిపోయింది కాబట్టి ఒకటి రెండు రోజుల్లో మనసు గట్టి చేసుకుని లక్క పగలగొట్టి వచ్చినవాళ్ళకు వేరే లైను పెట్టేస్తాను. అవ్వ నన్ను క్షమించాలి.

శుద్ధ నవమి

రాత్రంతా దుమ్ముగాలి. ఒక్క బండీ కదల్లేదు, ఒక్క మనిషీ దిగలేదు. సత్రంలో మేం ముగ్గురమే, పెట్టెలో నాలుగోది. ఈ రోజు బతికిపోయాం, లక్క సంగతి తీరిగ్గా చూసుకోవచ్చని సుత్తి పక్కన పెట్టుకుని కూర్చున్నాను. పొద్దెక్కాక తిప్పేస్వామి రెండు జొన్నరొట్టెలు ఊరుబిండి పచ్చడితో లాగించి నడుం వాల్చాడు.

పెట్టె కూసింది.

అతిథి అన్నవాడు లేని రోజు కూస్తుందేమిటి! ఎవరైనా ఫోన్ మరిచిపోయి వెళ్ళారేమోనని హాలంతా వెతికాను. పరుపులు తిరగేశాను. నీళ్ళ యంత్రం వెనక చూశాను. ర్యాంపులో కూడా చూసొచ్చాను, నోటినిండా దుమ్ము తప్ప ఏమీ దొరకలేదు. తిరిగి వచ్చేసరికి సిస్టర్ వేడి పెంచింది, పిల్ల కుదుటపడుతోంది.

పురిటిగదిలోంచి వన్నూరమ్మ పిలిచింది. "మా, యాడ్యాడ వెతుకుతాండావు? పెట్టె కూసేకి ముందు నాయన మంచం మీద నుంచి ఫ్యానును 'ఇంగ రవ్వంత చల్లగ పెట్టు' అన్న్యాడు. నాకు గోడలోంచి వినపడింది."

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నా పని.

తిప్పేస్వామిని లేపాను. "ఏమయ్యా, ఇందాక ఏమన్నావు?"

"నేనేమీ అన్లేదే!" తప్పని అనకముందే భుజాలు తడుముకున్నాడు. గుమ్మడికాయల దొంగ ఇంకెట్లా ఉంటాడు?

"మళ్ళీ ఒకసారి అను."

"చల్లగ పెట్టు" అన్నాడు బిక్కమొహం వేసుకుని.

ఫ్యాను జోరందుకుంది. చలువ యంత్రం గుర్రుమంది. నేను పెట్టె ముందు నిలబడి చూస్తూనే ఉన్నాను. వేడి జర్రున జారింది. వెంటనే "వెచ్చగ పెట్టు" అని అరిచాను. ఎక్కడం మొదలుపెట్టింది.

అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. వేరే ఇంట్లో అయితే ఈ పెట్టె ఎవరి మాటా వినేది కాదు, సిస్టర్ మాట తప్ప. మా నెట్లో కలిసిన రోజునే మా రూటరు దానికి సత్రం మాట నేర్పేసింది. పైన మాడిపోయి దిగిన ప్రతివాడూ అడిగేది ఒక్కటే, కాస్త చల్లగా పెట్టమని. ఫ్యాను విన్నది, చలువ యంత్రం విన్నది, పాపం ఆ పెట్టె కూడా బుద్ధిగా విన్నది. దానికేం తెలుసు, లోపల ఉన్నది పిల్లో పెరుగు ముంతో! వచ్చినవాళ్ళ మాటే కాదు, ఇంట్లోవాళ్ళదీ విన్నది. సప్తమి నాడు కూయనిది అతిథులు కలపనందుకే కాదు, మా ఆయన మంచం మీద లేనందుకు కూడా.

నిన్ననే లక్క పగలగొట్టి అతిథులను వేరే లైనులోకి నెట్టేసి ఉంటే ఏమయ్యేది? దస్తగిరి లాంటివాళ్ళ ఉసురు పోసుకుని, పిల్లనూ పోగొట్టుకునేదాన్ని.

"అయితే ఆ పెట్టెకొక్కదానికీ సత్రం మాట తీసెయ్ పోనీ" అన్నాడు తిప్పేస్వామి. కుదరదు. అవ్వ పెట్టించిన మాట లైను మొత్తానికీ ఒక్కటే. తీస్తే అన్నింటికీ పోతుంది. పున్నమికి సత్రం నిండా జనం ఉన్నప్పుడు అడిగినా ఫ్యాను తిరగకపోతే కొలిమే.

ఇద్దరం తలలు పట్టుకుని కూర్చున్నాం. గోడ అవతల నుంచి మళ్ళీ వన్నూరమ్మే.

"ఏం మనుషులుమా మీరు! కన్నదాన్ని నన్ను ఈ గదిలో పెట్టి వాకిలికి వేపాకు కట్టినారు. సొంత నాయన్ని గూడ లోపలికి రానీరు. పుట్టినదాన్ని మాత్రం నడిబజార్లో పెట్టినారే? దాని పెట్టెకు పురుడు లేదా?"

నేనూ తిప్పేస్వామీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం.

పురిటిగది అంటే వచ్చినవాళ్ళను అవమానించడం కాదు. అక్కడికి చుట్టమూ రాడు, ఇంటాయనా రాడు. ఊరి పెద్ద వచ్చినా గడప దగ్గర ఆగాల్సిందే. అందరికీ ఒకటే గ్లాసు, అందరికీ ఒకటే గడప. రెండో లైను ఉండాల్సింది అతిథులకు కాదు, పెట్టెకు.

శుద్ధ దశమి

దీపం పెట్టి, అవ్వ ఫొటో ముందు నిలబడి సంగతంతా చెప్పాను. అవ్వ ఫొటోలో ఎప్పుడూ కోపంగానే ఉంటుంది కాబట్టి ఒప్పుకుందో లేదో తెలుసుకునే దారి లేదు. సుత్తితో మెల్లగా కొట్టాను. లక్క పెళుసుగా విరిగి ముక్కలు నా ఒళ్ళో పడ్డాయి. బటన్ కొత్తదానిలా మెరుస్తోంది. నొక్కాను.

సిస్టర్ ఫోన్లో చెబుతుంటే ఒక్కొక్కటీ చేశాం. రెండో లైనులో పెట్టె ఒక్కటే, అవతల పట్నం ఒక్కటే. ఆ లైనుకు సత్రం మాట లేదు. పెట్టెను పాత లైను నుంచి పూర్తిగా తీసేయించింది. తీసేయకపోతే రెండిళ్ళ చుట్టంలాగా రెండుచోట్లా మాట వింటుందట. పాస్‌వర్డ్ వన్నూరమ్మ పెట్టింది. మాకెవ్వరికీ చెప్పలేదు, గాలిమరల కొండ మీద పని చేస్తున్న మొగుడికి కూడా చెప్పలేదు. రూటరుకు వేపరెమ్మ కట్టాను.

తిప్పేస్వామి మొహం చిన్నబోయింది. పిల్ల గుండె కొట్టుకోవడం ఫోన్లో చూసుకుంటూ అన్నం తినడం అలవాటు చేసుకున్నాడు. ఇప్పుడు ఫోన్లో ఏమీ రాదు. "తాతను గూడ వెలేస్తారా?" అన్నాడు.

"నా ఫోన్ గూడ బయటే. చూడాలంటే పెట్టె దగ్గరికి నడిచిపోయి చూడు. నీ కాళ్ళకేమైనా రోగమా?"

తర్వాత అసలు పరీక్ష. తిప్పేస్వామి హాలు మధ్యన నిలబడి గొంతు చించుకుని అరిచాడు, "చల్లగ పెట్టు!" ఫ్యాను విమానంలాగా లేచింది. నాకు చలేసింది. పెట్టెలో వేడి అంగుళం కదల్లేదు. "ఇంగా చల్లగ!" అన్నాడు. నీళ్ళకుండ మీద చెమట పట్టింది. పిల్ల ఆవలించింది.

అమ్మయ్య! ఎన్నాళ్ళకో ఆకలేసింది.

శుద్ధ త్రయోదశి

దస్తగిరి వచ్చాడు. ఆకుకూరలు దించడానికి వచ్చినవాడు దించేసి ర్యాంపు మీదే నిలబడ్డాడు, లోపలికి రాలేదు. నేనే ఎక్కి వెళ్ళాను.

"బుడ్డది ఎట్లుండాదక్కా?" నేల చూస్తూ అడిగాడు.

"బాగుండాది. లోపలికి రా. ఫోన్ కలుపుకో, లారీ కలుపుకో."

"పెట్టెకు ఇబ్బంది అంటివే?"

జరిగినదంతా చెప్పాను. మా ఆయన జొన్నరొట్టెలు తిని చేసిన ఘనకార్యం దగ్గర అతని మూతి వంకర పోయింది, నవ్వు ఆపుకుంటున్నాడు. చివర్న అడిగాడు, "అట్లయితే బావ ఫోన్ గూడ బయటేనా?"

"బయటే."

"నీది?"

"నాది గూడ. వన్నూరు మొగునిది గూడ. పురుడు గదప్పా."

"పురుడంటే సరే. పురిటింటి గడప నేనెట్ల దాటుతా?" అని చెప్పులు విప్పి దిగాడు. మెట్ల దగ్గర ఆగి, "ఆ పొద్దు మజ్జిగ తాగకుండా పోయినా, నాకే నిద్ర పట్టలేదక్కా" అన్నాడు. నాకూ పట్టలేదని చెప్పాను. రెండు ముంతల మజ్జిగ తాగించి గానీ వదల్లేదు.

పున్నమి

ఎంతమంది దిగారో లెక్కపెట్టడం మానేశాను. మెట్ల మీద కూడా పడుకున్నారు. అందరి ఫోన్లూ, అన్ని లారీలూ మా నెట్లోనే. తెల్లారింది మొదలు నాలుగు మూలల నుంచీ చల్లగ, చల్లగ, ఇంకా చల్లగ అనే మాటే. చలువ యంత్రం గేదెలాగా రొప్పుతోంది. నేను మాత్రం పెట్టె పక్కన పీట వేసుకుని కూర్చున్నాను. ఒక్కో మాట వినపడినప్పుడల్లా పెట్టె మీది వేడి అంకె చూసుకున్నాను. పెట్టె పలకలేదు. ఉలకలేదు. లోపల పిల్ల పిడికిలి విప్పుతుంది, మూస్తుంది.

పొద్దుగూకింది. లారీలన్నీ వెన్నెల్లోకి బయల్దేరాయి. సిస్టర్ ఫోన్ చేసి, "ఈ రోజు నేను మీ పెట్టెను ఒక్కసారి కూడా ముట్టుకోలేదండీ" అంది. ఏడ్చేశాను. హాయిగా, వెక్కి వెక్కి ఏడ్చాను. తిప్పేస్వామి భయపడిపోయి పెట్టె దగ్గరికి పరిగెత్తాడు. ఆడవాళ్ళు సంతోషంతో కూడా ఏడుస్తారని ఇన్నేళ్ళ కాపురంలో ఈయనకు తెలీలేదు.

బహుళ ఏకాదశి

వేడి సరిగా ఉంది. పిల్ల బరువు పెరిగింది. తిప్పేస్వామి గాజు మీద వేలు పెడితే లోపల నుంచి అదీ అక్కడే చెయ్యి పెట్టిందట. ఇప్పటికి పదిమందికి చెప్పాడు. ఫోన్లో చూస్తే ఈ భాగ్యం ఉండేదా అని నేనన్నాను. మళ్ళీ గాజు దగ్గరికే పోయాడు.

మళ్ళీ పున్నమి

నిన్న సిస్టర్ చెప్పింది, పిల్ల తన వేడి తానే నిలుపుకుంటోంది, ఇక బయటికి తియ్యొచ్చని. తీశాం. వన్నూరమ్మ చేతుల్లో పెట్టాం. నీళ్ళు పోశాం. పేరు కూడా పెట్టేశాం, ఓబులమ్మ. తిప్పేస్వామి ఏవేవో కొత్త పేర్లు వల్లించాడు గానీ ఎవరూ వినలేదు. సత్రంలో అడిగింది కాదనకూడని మాట యంత్రాలకే, నాకు కాదు.

పెట్టె దస్తగిరి లారీలో ఎక్కింది. గుత్తి దారిలో ఇంకో సత్రంలో ఎవరికో కవలలు, నెలలు నిండలేదట. మూత మీద నేనే రంగుతో పెద్ద అక్షరాల్లో రాశాను: "దీనికి పురుడు. వేరే లైను పెట్టండి. అందులో ఇంటాయన ఫోన్ కూడా కలపొద్దు." నా పేరెత్తకుండానే నన్ను ఊరూరా తిప్పుతావా అని మా ఆయన గింజుకున్నాడు. రూటరు మీద మళ్ళీ లక్క పొయ్యలేదు. పురిటిగది అవసరం ఏ ఇంటికైనా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. వేపరెమ్మ మాత్రం తీసేశాను.

అసలు రాయాలనుకున్నది ఇది. ఈ పొద్దున హాలు నిండా జనం. వాళ్ళందరికీ చూపించాలని వన్నూరమ్మ పిల్లను ఎత్తుకుని పురిటిగది గడప దాటింది. హాలు మధ్యన కూర్చుని ఒళ్ళో పడుకోబెట్టింది. చలువ యంత్రం జోరుగా నడుస్తోంది. ఓబులమ్మ ఒకసారి చుట్టూ చూసింది, తుమ్మింది, కింది పెదవి వణికించింది. ఇంక రాగం ఎత్తుకోబోతోంది.

గోడ దగ్గర నుంచి దస్తగిరి గొంతు వచ్చింది. "చల్లదనం తగ్గించు."

యంత్రం కాస్త నెమ్మదించింది. చాలలేదు. పక్కనున్న పెద్దాయన, అప్పుడే ఎండ తగిలి తలకు తడిగుడ్డ చుట్టుకున్నవాడు, "ఇంగా తగ్గించు" అన్నాడు. మెట్ల మీదున్నవాళ్ళు అందుకున్నారు. ఒకరి తర్వాత ఒకరు హాలు హాలంతా, చల్లదనం కోసమే ఇంత దూరం వచ్చి దిగినవాళ్ళంతా, తగ్గించు, తగ్గించు అన్నారు. యంత్రం అందరి మాటా విన్నది. ఫ్యాన్లు ఆగిపోయాయి. పిల్ల పెదవి సర్దుకుంది.

నాకు సిగ్గేసింది. "ఒరేయ్, మీరంతా ఎండన పడి వచ్చినోళ్ళు! పిల్లను లోపల పడుకోబెడతాం, మీరు ఫ్యాన్లు ఏసుకోండప్పా!" అన్నాను.

దస్తగిరి నా వైపు చూసి నవ్వాడు. "వచ్చినోళ్ళు అడిగింది కాదనొద్దు గదక్కా."

నేను లేచి ఉన్న విసనకర్రలన్నీ తెచ్చి పంచాను. అందరూ చెమటలు తుడుచుకుంటూ, విసనకర్రలతో విసురుకుంటూ పడుకున్నారు. ఓబులమ్మ వాళ్ళ మధ్యన వెచ్చగా నిద్రపోయింది.